పదహారు పేజీలు పదహారుగానే

పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫైలు ఇంట్లో 16 పేజీలు, నారాయణపేటలోని డీటీపీ దుకాణంలో తెరిస్తే 18. రాసింది రిటైరైన ఒక ఉపాధ్యాయుడు. విషయం ఊరి చీరలే: గడుల నేత, గోపురపు అంచు, మగ్గం మీద ఒక్కసారే ఎక్కించే ఎనిమిది చీరల పడుగు. "ఏందన్నా, మా ఇంట్ల చూస్తే పదారే ఉండె. ఈడికొచ్చినంక పద్దెనిమిదెట్లయినయి?" అని ఆయన కొడుకు అడుగుతాడు. ఇంట్లో లినక్స్, దుకాణంలో విండోస్, ప్లేటు తీసే హైదరాబాదులో మ్యాక్. మూడు చోట్లా ఒకే పుస్తకం ఒకేలా నిలవాలి. ఆపరేటర్ పని అదే.

మొదట లెక్క చూస్తాడు. పుస్తకం ఏ5 సైజు, 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 ఎత్తు. మార్జిన్లు పోగా అక్షరాలకు మిగిలిన ఎత్తు 486 పాయింట్లు. పాయింటంటే అంగుళంలో 72వ వంతు. ఇంట్లో వరుసకూ వరుసకూ దూరం 18 పాయింట్లు కాబట్టి పేజీకి 27 వరుసలు పట్టాయి. ఇక్కడ ఆ దూరం 19 అయింది. 25 వరుసలే పడుతున్నాయి. అట్ట, దాని లోపలి పేజీ పోగా మ్యాటర్ ఉన్నవి 14 పేజీలు, అంటే 28 వరుసలకు చోటు పోయింది. వాటిలో 25 ఒక పేజీని నింపి, మిగతా మూడు ఇంకో పేజీ ఎక్కాయి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి గనక 18 కాస్తా 20 అవుతుంది. చివర రెండు తెల్ల పేజీలు. 500 కాపీలకు ఒక్కోదానికి ఒక ఏ4 షీటు అదనం, అంటే సరిగ్గా ఒక రీము దండుగ.

తరువాత ఫాంటు. ఫైల్లో రాసి ఉన్న పేరు దుకాణం కంప్యూటర్లో లేకపోతే సాఫ్ట్‌వేర్ అడగకుండానే ఇంకోటి పెట్టేస్తుంది, అక్షరాల వెడల్పంతా మారిపోతుంది. పేరు ఉన్నా నమ్మడానికి లేదు, పాత కూర్పు ఒకటి, కొత్త కూర్పు ఒకటి తిరుగుతుంటాయి. అందుకే ఇంట్లో వాడిన ఫాంటు ఫైలునే తెప్పించుకుని, మ్యాటర్ ఉన్న ఫోల్డర్లో పెట్టుకుంటాడు. పది నిమిషాల పని. ఇది దాటేస్తే తర్వాత చేసేదంతా వృథా.

మాస్టారి పాత వ్యాసాలు రెండు 'అను' ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. వాటిని అలాగే తెచ్చి అతికిస్తే ఇంగ్లిషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. ఆ ఫాంట్లలో తెలుగు ముక్కలన్నీ ఇంగ్లిషు అక్షరాల గూళ్లలో కూర్చుని ఉంటాయి. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క. పైగా 128వ గూడు దాటాక విండోస్ వరస వేరు, మ్యాక్ వరస వేరు. అక్కడ దూరం మారడం కాదు, అక్షరమే మారిపోతుంది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒక్కో పేజీ వేలు పెట్టి చదువుతాడు. పేజీకి ఇరవై నిమిషాలు. వత్తుల దగ్గర కన్వర్టర్లు తడబడతాయని తెలుసు గనక కన్ను అక్కడే నిలుపుతాడు.

ఇక అసలు పని లీడింగ్, అంటే వరుసల మధ్య దూరం. ఫాంటు ఫైల్లో అక్షరానికి పైన ఎంత, కింద ఎంత అని చెప్పే కొలతలు ఒక జత కాదు, మూడు జతలుంటాయి. విండోస్ ఒక జతను చూస్తే మ్యాక్ ఇంకో జతను చూస్తుంది. తయారుచేసినవాళ్లు మూడూ సరిపోల్చి పెట్టకపోతే 'సింగిల్ స్పేసింగ్' అన్న మాటకు ఒక్కో యంత్రంలో ఒక్కో అర్థం. ఇంగ్లిషులో ఈ తేడా కొంత దాగుతుంది. తెలుగులో పైన గుడి, దీర్ఘాలు, కింద 'రాష్ట్రం'లో లాగా రెండేసి వత్తులు. ఫాంటు చేసేవాళ్లు పైకీ కిందికీ చోటు ధారాళంగా వదలక తప్పదు, కొలతల్లో తేడా వచ్చిందంటే పెద్దగానే వస్తుంది. కాబట్టి ఆపరేటర్ ఆటో అన్న మాట ఎక్కడున్నా తీసేసి అంకె కొడతాడు: అక్షరం 12, లీడింగ్ 18. ఇండిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటాడు, లేకపోతే వత్తులు విడిపోతాయి. పెట్టెలో మొదటి వరుస ఎక్కడ మొదలవ్వాలన్నది కూడా ఫాంటు కొలతకు వదలడు, దాన్నీ 18కే కడతాడు. ఈ ఒక్క సెట్టింగ్ మరిచిపోయి అన్నీ సరిగ్గా పెట్టినవాళ్లను చూశాను. వాళ్ల పుస్తకంలో ఎదురెదురు పేజీల తలలు కలవవు.

సరిహద్దు ఊరు కదా, మ్యాటర్లో కన్నడం కూడా ఉంది. యూనికోడ్‌లో తెలుగు గళ్లు అయిపోయిన వెంటనే కన్నడ గళ్లు మొదలవుతాయి, కానీ ఫాంట్లు చుట్టాలు కావు. ఒకే 12 పాయింట్లలో కన్నడం కొంచెం పెద్దగా కనిపిస్తోంది. దానికి వేరే క్యారెక్టర్ స్టైల్ కట్టి 11.5కు దించుతాడు. లీడింగ్ 18గానే ఉంచుతాడు, కన్నడ మాట ఉన్న వరుస కిందికి జారదు.

అడ్డం దూరాలకు ఓపిక కావాలి. 12 పాయింట్ల అక్షరం మామూలు విండోస్ తెర మీద 16 పిక్సెళ్లు. పాత విండోస్ ప్రోగ్రాములు ప్రతి అక్షరం వెడల్పునూ నిండు పిక్సెల్‌కు సర్దేస్తాయి. 10.4 ఉంటే 10. వరుసలో 30 అక్షరాలుంటే 12 పిక్సెళ్లు తేడా, అంటే మూడు మిల్లీమీటర్ల పైమాటే. ఒక చిన్న మాట వరుసలో పడటానికో పడకపోవడానికో అది చాలు. మ్యాక్‌లో ఆ సర్దుబాటు ఉండదు. లిబ్రె ఆఫీస్ 2017లో వచ్చిన 5.3తో అన్ని సిస్టములలోనూ హార్ఫ్‌బజ్ అనే ఒకే అక్షర కూర్పు యంత్రానికి మారింది. లినక్స్ మీద పుస్తకాలు చేసే స్క్రైబస్ కూడా దాన్నే పట్టుకుంది. అంతకుముందు లిబ్రె ఆఫీస్‌లో ఒక్కో సిస్టముకు ఒక్కో యంత్రం వత్తులు కూర్చేది.

జస్టిఫై చేస్తే, అంటే రెండు వైపులా అంచు సరిచేస్తే, తెలుగులో కష్టమే. మాటలు పొడుగు, వరుసకు ఆరేడు కూడా పడవు. మిగిలిన చోటంతా ఆ కొద్ది సందుల్లోనే పోగవుతుంది. ఆపరేటర్ మాటల మధ్య దూరాన్ని 80 నుంచి 133 శాతం మధ్య ఆడనిస్తాడు. అక్షరాల మధ్య మాత్రం సున్నా. ఇంకా సందు మిగిలితే మాస్టారికి ఫోన్ చేసి ఒక మాట మార్చమంటాడు. నా లెక్కలో ఇదే మంచి పద్ధతి, అక్షరాలు సాగదీయడం చేతకానితనం.

'హైదరాబాద్‌లో' వంటి మాటల్లో పొల్లు పక్క అక్షరంతో కలిసి వత్తు కాకుండా కంటికి కనిపించని ఒక గుర్తు పెడతారు. జీరో విడ్త్ నాన్ జాయినర్ దాని పేరు. దాని బదులు మామూలు స్పేస్ కొట్టినచోట మాట రెండుగా విరిగి, వరుస చివర సగం కిందికి పోతుంది. అలాంటివన్నీ వెతికి మారుస్తాడు. ఈ గుర్తు చిన్నదేమీ కాదు: 2018 ఫిబ్రవరిలో 'జ్ఞ'కూ దీర్ఘానికీ మధ్య అది చేరిన ఒక్క కూర్పు ఐఫోన్లను కూలదోసింది, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది.

సాయంత్రానికి పీడీఎఫ్. ఫాంట్లు లోపలే ఇమిడేలా చేస్తాడు. ఇక ఏ అక్షరం ఎక్కడుండాలో పీడీఎఫ్‌లోనే రాసి ఉంటుంది, తెరిచే యంత్రం లెక్క వేసుకునే పనిలేదు. హైదరాబాదుకు ఓపెన్ ఫైలు పంపమన్నా పంపడు. ముందు తన ఫోన్లో ఒకసారి, మాస్టారి కొడుకు లినక్స్‌లో ఒకసారి తెరిచి, ప్రతి పేజీ చివరి మాట ప్రూఫు కాగితంతో సరిచూస్తాడు. 16 పేజీలు, 16 చివరి మాటలు, ఐదు నిమిషాలు.

ప్లేట్లు వస్తాయి, అచ్చు పడుతుంది. కాపీకి నాలుగు ఏ4 షీట్లు, 500 కాపీలకు 2000. నాలుగు రీములు. మడత, మధ్యలో రెండు పిన్నులు, మూడు వైపులా కోత. ఆపరేటర్ ఇటు ఫోల్డర్లో ఫైలు, ఫాంటు, పీడీఎఫ్ కలిపి జిప్ చేసి, చిన్న టెక్స్ట్ ఫైల్లో 12, 18, 486 అని రాసి పక్కన పెడతాడు. రెండో ముద్రణకు వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకెవరున్నా అంకెలు వెతుక్కోనక్కర్లేదు.