మెటల్ రికార్డింగ్‌కు ఏ గిటార్, ఏ పికప్?

ప్రశ్న: ఇంట్లో మెటల్ పాటలు రికార్డు చేయాలనుకుంటున్నాను. డ్రాప్ సి ట్యూనింగ్‌లో వాయిస్తాను. ఎలాంటి గిటార్ కొనాలి? ఎక్కువ అవుట్‌పుట్ పికప్ తప్పనిసరా?

జవాబు: తప్పనిసరి కాదు. పికప్ కన్నా ముందు స్కేల్ పొడవు, అంటే తీగ మోగే పొడవు, చూడండి. లెస్ పాల్ తరహా గిటార్లలో అది సుమారు 24.75 అంగుళాలు, స్ట్రాటోకాస్టర్ తరహాలో 25.5. అదే తీగను అదే శ్రుతిలో పెడితే రెండోదాంట్లో బిగువు దాదాపు 6 శాతం ఎక్కువ. మీ ట్యూనింగ్‌లో ఆరో తీగ మామూలు కన్నా నాలుగు సెమీటోన్లు కిందికి దిగుతుంది. వదులైన తీగను గట్టిగా మీటితే శ్రుతి ఒక్క క్షణం పైకి ఎగబాకి మళ్లీ జారుతుంది. స్టేజి మీద ఆ తేడా డ్రమ్స్ హోరులో కలిసిపోవచ్చు. ఒకే రిఫ్‌ను రెండుసార్లు వాయించి కుడి ఎడమలకు పంచే రికార్డింగ్‌లో మాత్రం బయటపడి తీరుతుంది. దాన్ని ఏ పికప్పూ సరిదిద్దలేదు. కాబట్టి 25.5 స్కేల్, కదలని బ్రిడ్జి, మందమైన తీగలు ఎంచుకోండి.

పికప్ విషయానికొస్తే, బ్రిడ్జి దగ్గర హంబకర్ ఉండాలి. మన కరెంటు వల్ల వచ్చే 50 హెర్ట్జ్ గుంయ్‌మనే రొదను డిస్టార్షన్ ఎన్నో రెట్లు పెంచుతుంది. హంబకర్‌లోని రెండు కాయిల్స్ దాన్ని చాలావరకు రద్దు చేస్తాయి. మెటాలికా గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఎక్కువ అవుట్‌పుట్ ఉన్న ఈఎంజీ 81 వాడారు కదా అంటారా? మంచి పికప్పే, కానీ బరువైన ధ్వనికి అదొక్కటే దారి కాదు. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్‌లో టోనీ అయోమీ వాయించిన ఎస్‌జీలో ఉన్నవి సింగిల్ కాయిల్ పీ-90లే. గెయిన్ ఆంప్‌లో కావలసినంత దొరుకుతుంది. మధ్యస్థ అవుట్‌పుట్ హంబకర్ తీసుకుని, మిగిలిన డబ్బు మంచి సెటప్‌కు ఖర్చు చేయండి.