కారుకు బురద టైర్లు వేస్తే?

ఈసారి బస్సు కోసం నిలబడ్డప్పుడు వచ్చేపోయే వాహనాల టైర్లను కాస్త పరీక్షగా చూడండి. కారు టైరు మీద చుట్టూ తిరిగే మూడు నాలుగు చాళ్ళు, వాటి పక్కన సన్నని గీతలు ఉంటాయి. ట్రాక్టరు వెనక టైరు మీద లావుపాటి రబ్బరు కట్టలు ఏటవాలుగా లేచి ఉంటాయి. వాటి మధ్య చెయ్యి దూరేంత ఖాళీ ఉంటుంది. ఈ రెంటికీ మధ్యరకం టైరు ఒకటుంది. దాని మీద రబ్బరు దిమ్మలు దిమ్మలుగా విడిపోయి, మధ్యలో లోతైన సందులు కనిపిస్తాయి. దాన్ని ఆల్ టెరైన్ టైరు అంటారు. అన్ని రకాల నేలలకూ పనికివచ్చే టైరు అని దాని అర్థం.

పొలానికో, సొంత ఊరికో పోయే దారి చివర నాలుగు కిలోమీటర్లు మట్టిరోడ్డు ఉందనుకోండి. వానాకాలంలో కారు అక్కడ దిగబడుతుంది. "ఆల్ టెరైన్ టైర్లు వేయించండి, ఇక భయం ఉండదు" అని ఎవరో సలహా ఇస్తారు. చూడటానికి కూడా కారు ఠీవిగా ఉంటుంది. ఇంట్లో అందరికీ నచ్చుతుంది. కాని అదే కారు మిగతా రోజుల్లో తారురోడ్డు మీద, అమ్మనూ నాన్ననూ మిమ్మల్నీ ఎక్కించుకొని, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అప్పుడేమవుతుందో మీరు చదువుకున్న భౌతికశాస్త్రంతోనే లెక్క కట్టవచ్చు.

ముందు బురద సంగతి చూద్దాం. నాట్లు వేసే మడిలో నడిచేటప్పుడు మనం కాలివేళ్ళను మట్టిలోకి గుచ్చిపట్టి నడుస్తాం. పాదం కింద మెత్తటి మట్టి జారిపోతూ ఉంటే అక్కడ ఘర్షణను నమ్ముకొని లాభం లేదు. వేళ్ళు మట్టిలో దిగి, వెనక ఉన్న మట్టిని నెడతాయి. ఆ మట్టి ప్రతిచర్యగా మనల్ని ముందుకు నెడుతుంది. న్యూటన్ మూడవ నియమమే ఇది. దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించేది ఇందుకే. ఆల్ టెరైన్ టైరు దిమ్మలు చేసేదీ ఈ కాలివేళ్ళ పనే. గులకరాళ్ళ దారిలో మరో లాభం ఉంది. ఈ టైర్ల రబ్బరును రాతి కోతలకు తట్టుకొనేలా తయారుచేస్తారు, చాలావాటికి పక్కగోడలు కూడా దృఢంగా ఉంటాయి.

అయితే మన నల్లరేగడి అంత సులువుగా లొంగదు. తడిసిన రేగడిమట్టి దిమ్మల సందుల్లో ఇరుక్కొని, చక్రం తిరిగినా ఊడి రాదు. నాలుగు చుట్లు తిరిగేసరికి సందులన్నీ పూడిపోయి, ఎంత ఖరీదైన టైరైనా బోడి టైరులా తయారవుతుంది. ఇసుక నేల కథ వేరు. అక్కడ దిమ్మల కంటే గాలి ముఖ్యం. టైరులో గాలి తగ్గిస్తే అది వెడల్పుగా పరుచుకొంటుంది, నేల మీద పీడనం తగ్గుతుంది, కారు దిగబడదు. ఒంటె పాదం వెడల్పుగా ఉండటంలోని రహస్యం ఇదే. ఇసుక దాటగానే మళ్ళీ గాలి కొట్టించాలి. లేకపోతే మెత్తగా ఉన్న టైరు తారురోడ్డు మీద వేడెక్కి చెడిపోతుంది.

ఇక తారురోడ్డు మీదికి వద్దాం. 1400 కిలోల కారు బరువును నాలుగు చక్రాలు సమానంగా మోస్తున్నాయనుకొంటే ఒక్కొక్కదాని మీద 350 కిలోలు, అంటే 3430 న్యూటన్ల బలం పడుతుంది. మెకానిక్కులు 33 పాయింట్లు అనే గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 22.8 న్యూటన్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 150 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. ఇది పెద్దవాళ్ళ అరచెయ్యి, వేళ్ళతో కలిపి ఉండేంత జాగా. మొత్తం కారు రోడ్డును పట్టుకొని ఉన్నది ఇలాంటి నాలుగు అరచేతులతోనే! ఆల్ టెరైన్ టైరులో ఆ అరచేతిలో సందులు మరింత ఎక్కువ కాబట్టి, రోడ్డును నిజంగా తాకే రబ్బరు తక్కువ.

ఇక్కడ మీలో చురుకైనవారు వెంటనే అడ్డు తగులుతారు. "ఘర్షణ తలాల వైశాల్యం మీద ఆధారపడదని పాఠంలో ఉంది కదా, రబ్బరు తగ్గితే ఏం?" అంటారు. మంచి ప్రశ్న. చెక్క దిమ్మకూ బల్లకూ ఆ నియమం బాగానే సరిపోతుంది. రబ్బరు అలాంటిది కాదు. అది మెత్తగా వంగి, రోడ్డులోని సూక్ష్మమైన గరుకుల్లోకి చొచ్చుకుపోతుంది. దాని మీద పీడనం పెరిగేకొద్దీ ఘర్షణ గుణకం తగ్గుతుంది. అంచేత అదే బరువును తక్కువ రబ్బరు మోస్తే పట్టు కొంత సడలుతుంది.

రెండో కారణాన్ని మీ పెన్సిలు డబ్బాలోని రబ్బరుతో చూడవచ్చు. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి నొక్కి తొయ్యండి. తర్వాత నిలువుగా నిలబెట్టి అదే బలంతో తొయ్యండి. నిలబెట్టింది ముందు వంగి, ఒక అంచు మీదికి వాలి, ఆ తర్వాత జారుతుంది. ఎత్తైన దిమ్మలు బ్రేకు వేసినప్పుడు ఇలాగే వంగుతాయి. రోడ్డు టైరు దిమ్మలు పొట్టివి, దగ్గర దగ్గరగా ఉన్నవి కాబట్టి అంతగా వంగవు. ఆల్ టెరైన్ టైరులో లోతైన సందులు నీటిని బాగా తోడేస్తాయి, నిజమే. కాని తడిసిన తారు మీద బ్రేకు వేసినప్పుడు ఈ వంగే దిమ్మలూ, కోతకు ఓర్చే రబ్బరూ కలిసి మంచి రోడ్డు టైరు కంటే ఎక్కువ దూరం తీసుకొంటాయి. ఈ సంగతి అమ్మేవాళ్ళు అరుదుగా చెబుతారు.

ఎక్కువ అంటే ఎంత? దానికి ముందు టైరు మీద ముద్రించిన అంకెలు చదవడం నేర్చుకోవాలి. 205/65 ఆర్ 16 అని ఉందనుకోండి. 205 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్ టైరు. 16 అంటే లోపలి ఇనుప చక్రం వ్యాసం, అంగుళాల్లో. వింతగా ఒకే పంక్తిలో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు మూడూ కలిశాయి! 16 అంగుళాలు 406 మి.మీ. పక్కగోడ 133 మి.మీ. పైనా కిందా కలిపి మొత్తం వ్యాసం 672 మి.మీ. పైచిలుకు, 673 అందాం. చుట్టుకొలత సుమారు 2.11 మీటర్లు.

కారు కాస్త ఎత్తుగా ఉండాలని చాలామంది ఇదే చక్రానికి 215/70 ఆర్ 16 టైరు వేయిస్తారు. దాని వ్యాసం 707 మి.మీ., చుట్టుకొలత 2.22 మీటర్లు. కారు నేల నుంచి 17 మి.మీ. పైకి లేస్తుంది. కాని స్పీడోమీటరుకు టైరు మారిన సంగతి తెలియదు. అది చక్రం చుట్లనే లెక్కపెడుతుంది. ఇప్పుడు ఒక్కో చుట్టుకు కారు 5 శాతం ఎక్కువ దూరం పోతుంది. ముల్లు మునుపు 80 చూపినప్పుడు తిరిగినన్ని చుట్లే ఇప్పుడు తిరిగితే, వేగం మాత్రం 84. సాధారణంగా స్పీడోమీటర్లను అసలు వేగం కంటే కొంచెం ఎక్కువ చూపేలా అమరుస్తారు. ఆ జాగ్రత్తను పెద్ద టైరు తినేస్తుందన్నమాట.

ఇప్పుడు తొమ్మిదో తరగతి చలన సమీకరణం తీయండి. ఆగే దూరం కావాలంటే వేగం వర్గాన్ని, ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం, 2 - ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. తడిరోడ్డు మీద పాత టైరుకు గుణకం 0.7, కొత్తదానికి 0.6 అని లెక్క కోసం తీసుకొందాం. పాత టైర్లతో 80 కి.మీ. వేగం, అంటే సెకనుకు 22.2 మీటర్లు. బ్రేకు పడ్డాక 36 మీటర్లలో కారు ఆగుతుంది. కొత్త టైర్లతో ముల్లు అదే 80 చూపుతున్నా వేగం సెకనుకు 23.3 మీటర్లు. ఆగడానికి 46 మీటర్లు పడుతుంది.

పది మీటర్లే కదా అనిపిస్తుందా? పాత టైర్లతో కారు పూర్తిగా ఆగిపోయే చోట, ఆ 36వ మీటరు దగ్గర, కొత్త టైర్ల కారు వేగం ఎంతో అదే సమీకరణంతో కట్టండి. సెకనుకు 11 మీటర్లు వస్తుంది. అంటే గంటకు 40 కిలోమీటర్లు! ఆ చోట రోడ్డు దాటుతున్న గేదె ఉండవచ్చు, సైకిలు మీద మీ స్నేహితుడే ఉండవచ్చు. డ్రైవరు ప్రమాదాన్ని చూసి బ్రేకు తొక్కేలోగా గడిచే సెకను ఈ లెక్కలో లేదు. ఆ సెకనులో మరో 22, 23 మీటర్లు పోతాయి.

పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. నేలకు తగిలే ప్రతి దిమ్మా నొక్కుకొని మళ్ళీ లేస్తుంది. కాని రబ్బరు తీసుకొన్న శక్తినంతా తిరిగి ఇవ్వదు. బంతిని వదిలిన ఎత్తుకు అది మళ్ళీ లేవదు కదా! తేడా వేడిగా పోతుంది. ఆ వేడి ఖరీదు పెట్రోలు రూపంలో కట్టాలి. తమాషా ఏమిటంటే, పెద్ద టైరు వేశాక కారు చూపే కిలోమీటర్లు కూడా తక్కువే. అది 100 చూపితే నడిచింది 105. మైలేజీ పడిపోయిందని వాపోయేవారు ముందు ఆ 5 శాతం కలుపుకొని చూసుకోవాలి.

మోత మాట మీ చెవులే చెబుతాయి. టైరు చుట్టూ 70 దిమ్మల వరుసలు ఉంటే, 80 కి.మీ. వేగంలో అవి సెకనుకు 700 సార్లు పైగా రోడ్డును కొడతాయి. అది హార్మోనియం మీద వాయించగల స్వరమే! ఒకే స్వరం గంటల తరబడి చెవిలో మోగకుండా దిమ్మల పొడవులను కావాలనే హెచ్చుతగ్గులుగా చేస్తారు.

ఇంతకీ వేయించాలా, వద్దా? సంవత్సరంలో తిరిగే దూరంలో మట్టి ఎంత, తారు ఎంత అని ముందు ఒక కాగితం మీద రాయాలి. రాళ్ళదారిలో రోజూ తిరగాల్సిన కుటుంబానికి ఈ టైర్లు నిజంగా మేలు. ఏడాదికి పది రోజుల బురద కోసమైతే నేను వద్దనే అంటాను. మంచి రోడ్డు టైర్లు, ఒక పార, నాలుగు గోనెసంచులు కారులో ఉంటే చాలు. వేయించి తీరాలనుకొంటే డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద రాసి ఉన్న కొలతనే ఎంచుకోవాలి. బరువు, వేగం సూచించే గుర్తులు తగ్గకూడదు. రెండు చక్రాలకే వేసి ఊరుకోకూడదు. ముందు వెనకల పట్టు వేరైతే మలుపులో కారు అదుపు తప్పుతుంది. ఏ టైరైనా చాళ్ళ లోతు 1.6 మి.మీ. కంటే తగ్గితే మన దేశంలో కారుకు వాడటం నిబంధనలకు విరుద్ధం.

చివరగా మీకొక పని. సైకిలు టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, గీత నేలను తాకిన చోట గుర్తు పెట్టండి. ఒకరిని ఎక్కించి సరిగ్గా పది చుట్లు నడిపించి, దూరాన్ని టేపుతో కొలిచి పదితో భాగించండి. టైరు వ్యాసం కొలిచి 3.14తో గుణించండి. రెండు సమాధానాలూ కచ్చితంగా ఒకటి కావు, మొదటిది కాస్త తక్కువ వస్తుంది. ఎందుకో ఆలోచించండి. టైరులో గాలి కొంచెం తీసి మళ్ళీ కొలిస్తే ఒక ఆధారం దొరుకుతుంది.