ఐరన్ టానిక్‌తో తగ్గని రక్తహీనత

బిడ్డ పాలిపోయి ఉంటే "ఒంట్లో ఐరన్ తక్కువ, టానిక్ పట్టండి" అంటాం. చాలామంది పిల్లల్లో అది నిజమే. కానీ కొందరు పసిపిల్లలకు ఎంత టానిక్ పట్టినా రక్తం పెరగదు. అలాంటి అరుదైన జబ్బుల్లో ఒకటి డైమండ్ బ్లాక్‌ఫాన్ అనీమియా. 1938లో దీన్ని వివరించిన ఇద్దరు అమెరికా వైద్యుల పేర్లే దీనికి వచ్చాయి.

ఎందుకు వస్తుంది?

మన కణాల్లో మాంసకృత్తులను తయారుచేసే అతి చిన్న యంత్రాలను రైబోజోములు అంటారు. ఒక్కో రైబోజోములో దాదాపు 80 మాంసకృత్తి భాగాలు ఉంటాయి. ఏ భాగం ఎలా తయారవ్వాలో చెప్పేది జన్యువు. ఆ జన్యువుల్లో ఒకదానిలో లోపముంటే రైబోజోములు చాలినన్ని తయారుకావు. ఎర్ర రక్తకణానికి తక్కువ సమయంలో చాలా హిమోగ్లోబిన్ కావాలి. హిమోగ్లోబిన్ కూడా మాంసకృత్తే. అందుకే ముందు దెబ్బతినేది ఎర్రకణమే. ఎముక మూలుగలో అది ఎదగకముందే చనిపోతుంది. 1999లో ఆర్‌పిఎస్19 అనే జన్యువులో ఈ లోపాన్ని మొదట కనుగొన్నారు. ఇప్పటికి ఇలాంటివి 20కి పైగా తెలిశాయి.

ఎవరి నుండి వస్తుంది?

తలసేమియాలో తల్లిదండ్రులిద్దరి నుండీ లోపం రావాలి. ఇందులో సాధారణంగా ఒకరి నుండి వచ్చినా చాలు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. చాలామంది పిల్లల్లో మాత్రం తల్లిదండ్రులకు లేకుండానే లోపం కొత్తగా ఏర్పడుతుంది. ఇది తల్లి తిన్న తిండి వల్లగానీ, గ్రహణం వల్లగానీ రాదు. తల్లిని నిందించకండి.

గుర్తులు

సాధారణంగా మొదటి ఏడాదిలోపే బిడ్డ పాలిపోవడం, పాలు తాగుతూ అలసిపోవడం కనిపిస్తాయి. కొందరికి బొటనవేలు, గుండె, మూత్రపిండాల్లో పుట్టుకతోనే లోపాలుంటాయి. రక్తపరీక్ష, మూలుగ పరీక్ష, జన్యుపరీక్షలతో జబ్బును నిర్ధారిస్తారు.

చికిత్స

బిడ్డకు రక్తం ఎక్కిస్తారు. సాధారణంగా ఏడాది నిండాక స్టెరాయిడ్ మందు మొదలుపెడతారు. ఎక్కువమందికి మొదట్లో ఇది పనిచేస్తుంది. కొందరికి మూలుగ మార్పిడి చేస్తారు.

ఇంట్లోవారు గుర్తుంచుకోవలసినవి

1. డాక్టరు చెప్పనిదే ఐరన్ టానిక్ పట్టవద్దు. ఎక్కించిన రక్తంతోనే ఇనుము ఒంట్లో చేరి గుండెను, కాలేయాన్ని పాడుచేస్తుంది. దాన్ని తీసే మందు ఇస్తే మానకుండా వాడండి.

2. స్టెరాయిడ్ మందును మీ అంతట మీరు ఆపవద్దు. జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టీకా వేయించేటప్పుడు ఈ మందు వాడుతున్నట్టు తప్పక చెప్పండి.

3. అన్న, చెల్లి ఆరోగ్యంగా కనిపించినా వారిలోనూ ఇదే లోపం దాగి ఉండవచ్చు. మూలుగ ఇచ్చేముందు వారికీ జన్యుపరీక్ష చేయించాలి.

4. మరో బిడ్డను కనాలనుకుంటే ముందుగా జన్యు సలహా తీసుకోండి.