సైకిల్ చక్రం: ఒకే మాట రెండుసార్లు

మొన్న సైకిల్ పంక్చరై హాస్టల్ దాకా నడిపించుకుంటూ వస్తుంటే, నా ఫ్రెండు అన్నాడు: "ఇంగ్లీషు వీల్ కూడా మన చక్రం నుంచి పోయిందేరా. అన్నీ సంస్కృతం నుంచే." నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ అది కాదని 'చక్రం' అన్న మాటే చెబుతోంది.

సంస్కృతంలో చక్ర, గ్రీకులో కుక్లొస్, పాత ఇంగ్లీషులో హ్వెఓల్. తొఖారియన్‌లో కొకలె అంటే రథం. ఇవన్నీ చుట్టాలే. పాత 'క్వ' ఇంగ్లీషు శాఖలో 'హ్వ' అవడం మామూలే: సంస్కృతం 'కః' (ఎవరు) అక్కడ 'హ్వా'.

అసలు చిక్కు చక్రలోనే ఉంది. గ్రీకులో రెండుచోట్లా క. మనకు మాత్రం ముందు చ, తర్వాత క. ఎందుకు?

తెలుగువాళ్లకి ఇది సులువుగా అర్థమవ్వాలి. కన్నడంలో కివి, మనకి చెవి. వాళ్ల కెరె, మన చెరువు. ఇ, ఎ ముందు 'క' మెత్తబడి 'చ' అయింది. సంస్కృతంలోనూ అదే జరిగింది, కాకపోతే ఆ తర్వాత 'ఎ' కూడా 'అ'గా మారిపోయింది. అంటే దొంగ వెళ్లిపోయాడు, అడుగుజాడ మిగిలింది! 'కృ' ధాతువు 'చకార' అవడంలోనూ ఇదే జాడ. 1870ల్లో పండితులు దీన్ని పట్టుకున్నాక, సంస్కృతం కూడా తల్లి కాదు, అక్కచెల్లెళ్లలో ఒకటేనని గట్టిపడింది. ఉమ్మడి మూలం ఉండాలని విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో అన్నాడు.

అలా తిరిగి కట్టిన రూపం *క్వెక్వ్లొస్. ముందున్న చుక్కగుర్తుకి అర్థం, ఇది ఎక్కడా రాసి దొరకలేదు, మనం లెక్కగట్టింది అని. 'క్వెల్' అంటే తిరగడం. మొదటి అక్షరాన్ని రెట్టించారు, మనం గిరగిర అన్నట్టు. 'తిరిగేది' అన్న అర్థంలో ఎవరికి వారు విడిగా మాట పుట్టించుకోవచ్చు, కానీ అందరూ ఇలాగే రెట్టించడం కాకతాళీయం అనుకోవడం కష్టం. బండిచక్రాల గట్టి ఆనవాళ్లు సుమారు క్రీ.పూ. 3500 నుంచి దొరుకుతున్నాయి. కాబట్టి ఈ శాఖలు విడిపోయింది దానికి మరీ ముందు కాదని చాలామంది వాదన.

తెలుగు ఈ కుటుంబంది కాదు. ఆ సంగతి ఎల్లిస్ 1816లోనే చూపించాడు. మనకి చక్రం సంస్కృతం నుంచి వచ్చింది. సైకిల్ గ్రీకు కుక్లొస్ నుంచి లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు తిరిగి వచ్చింది. కాబట్టి 'సైకిల్ చక్రం' అంటే 'చక్రం చక్రం' అన్నమాట.

ఇదంతా చెప్పేసరికి హాస్టల్ వచ్చేసింది. మావాడు ఒక్కటే అడిగాడు: "పంప్ ఎవరి దగ్గరుంది?"