పిలిచే సగం

పెనార్త్,
కనుమ నాడు.

చిరంజీవి అమ్మలుకి పెద్దతాతయ్య ఆశీస్సులు.

ఆరు మైళ్ళ దూరంలో ఉన్న మనవరాలికి ఉత్తరమేమిటి, ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో అయితే "ఊఁ, సరే తాతయ్యా" అని రెండు ముక్కల్లో తప్పించుకుంటావు. కాగితమైతే ఇవాళ కాకపోయినా రేపైనా చదువుతావు.

నిన్న పండక్కి మీ ఇంటికి వచ్చినప్పుడు మీ అమ్మ నాకొక ఫారం చూపించింది. ఫిబ్రవరి ఆఖర్న స్టుట్‌గార్ట్ నుంచి వచ్చే పిల్లని వారం రోజులు ఇంట్లో పెట్టుకోవడానికి మీ స్కూలు ఇచ్చిన ఎక్స్చేంజ్ ఫారం. "ఇంట్లో మాట్లాడే భాష" అన్న గడిలో ఇంగ్లిష్ అని రాశావు. "మామూలుగా తినే భోజనం" దగ్గర పాస్తా, పిజ్జా. అన్నిటికన్నా కింద పెన్సిల్‌తో, "మా ఇంట్లో ఎవర్నీ పెట్టుకోకుండా, జులైలో నేను వెళ్ళడం మాత్రం కుదురుతుందా?" అని రాసి చెరిపేశావు. చెరిపినా కనిపిస్తోంది. కొత్త కళ్ళద్దాలు కదా.

మీ ఇంట్లో పాస్తా వండగా నేనెన్నడూ చూళ్ళేదు. నిన్న తిన్నవి అరిసెలూ పులిహోరా.

ఎందుకిలా రాసిందని మీ అమ్మని అడిగితే నీ మాటే చెప్పింది: "వాళ్ళు వేల్స్ చూడ్డానికి వస్తున్నారు. మన ఇంట్లో వేల్స్ ఎక్కడుంది?" అన్నావట. అది చిన్నపిల్ల పేచీ కాదు, అడగాల్సిన ప్రశ్నే. దానికే ఈ ఉత్తరం.

ముందు నా తప్పొకటి చెబుతాను. 1988లో మీ అత్తకి నీ వయసే. అప్పుడు మేము రోండా లోయలో ఉండేవాళ్ళం. ఇలాగే జర్మనీ నుంచి ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. వారం ముందు నుంచే మీ మామ్మ కిటికీలన్నీ తెరిచి పోపు వాసన బయటికి తోలింది. అగరొత్తులు బీరువాలో దాచాం. ఫ్రీజరు నిండా ఫిష్ ఫింగర్స్, చిప్స్. నాలుగు రోజులు ఆ పిల్లతో పాటు మేమూ అవే తిని "బావుంది, బావుంది" అనుకున్నాం. అయిదో రాత్రి పదిన్నరకి నోరు చచ్చిపోయి, నేనూ మామ్మా వంటింట్లో లైటు కూడా వెయ్యకుండా కూర్చుని, గుంటూరు నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడితో అన్నం కలుపుకుంటున్నాం. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. ఆ పిల్ల! మంచినీళ్ళకి వచ్చిందట. మమ్మల్ని చూసి, పళ్ళెం చూసి, ఒక్కటే అడిగింది: "మీరు రోజూ ఇలా దాక్కునే తింటారా?"

నేను నవ్వేశాను కానీ మీ మామ్మ నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే పప్పుచారు పెట్టింది.

జులైలో మీ అత్త అక్కడికి వెళ్ళింది. మొదటి రోజు రాత్రే ఫోను. "నాన్నా, వీళ్ళు నాకు వేడిగా ఏమీ పెట్టలేదు. రొట్టె ముక్కలూ, చీజూ, దోసకాయ చక్రాలూ, అంతే" అని ఏడుపు. మూడో రోజుకి గానీ తెలియలేదు దానికి, జర్మనీలో చాలా ఇళ్ళల్లో రాత్రి భోజనమే అదని. మధ్యాహ్నం వేడిగా తింటారు, సాయంత్రం రొట్టెతో సరిపెట్టుకుంటారు. వాళ్ళు తినేదే దానికీ పెట్టారు. మేము తినేది మాత్రం ఆ పిల్లకి పెట్టలేదు. అతిథిని నమ్మింది ఎవరమ్మా, వాళ్ళా మేమా?

ఎక్స్చేంజ్ అన్న మాటలో వెళ్ళడం సగమే. పిలవడం రెండో సగం. అందరికీ వెళ్ళే సగమే కావాలి. విమానం, కొత్త ఊరు, ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి మరి. పిలిచే సగంలో దుప్పట్లు ఉతకడం, బాత్రూము పంచుకోవడం, నాన్న గురకకి సిగ్గుపడటం ఉంటాయి. కానీ నీకు ఏమైనా నేర్పేది ఈ రెండోదే. పరాయి ఊళ్ళో నువ్వు చూసేవాళ్ళలో ఒకతివి. నీ ఇంటికి మనిషి వస్తే, నువ్వు రోజూ చూసీ చూడని వాటిని మొదటిసారి ఆ పిల్ల కళ్ళతో చూస్తావు.

వేల్స్‌కి ఈ సంగతి బాగా తెలుసు. ఉత్తరాన లాంగోలెన్ అనే చిన్న ఊరుంది. దాని మొదటి అక్షరాన్ని మనం 'ల' అనేస్తాం గానీ, నాలుక కొసని పళ్ళ వెనక ఆనించి పక్కల నుంచి గాలి వదలాలి. నాకు అది పట్టుబడ్డానికి నా పేషెంట్లు రెండేళ్ళు పాఠం చెప్పారు. ఆ ఊళ్ళో 1947 నుంచి అంతర్జాతీయ ఐస్టెద్‌వొద్ జరుగుతోంది, పాటకీ నాట్యానికీ పోటీలు. మొదటి సంవత్సరాల్లో అంతమందికి లాడ్జీలెక్కడివి? చాలామంది ఊరివాళ్ళ ఇళ్ళల్లోనే దిగేవారు. 1949లో జర్మనీలోని లూబెక్ నుంచి ఒక గాయక బృందం వచ్చింది. యుద్ధం ముగిసి నాలుగేళ్ళే. కొడుకుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు ఇంకా పచ్చి పుండులా ఉన్న కాలం. అయినా ఊరు వాళ్ళని ఆదరించింది. 1955లో ఇటలీలోని మోడెనా నుంచి తండ్రితో కలిసి వచ్చి, బృందంతో పాడి బహుమతి గెలిచిన పందొమ్మిదేళ్ళ కుర్రాడు పావరొట్టి. పెద్ద గాయకుడయ్యాక 1995లో అదే ఊరికి మళ్ళీ వచ్చి పాడాడు. అదే 1955లో మీ కార్డిఫ్, స్టుట్‌గార్ట్ జంట నగరాలయ్యాయి. మీ ఇంటికి రాబోయే పిల్ల ఆ పాత దారినే వస్తోంది.

ఇప్పుడు నీ ప్రశ్న. మన ఇంట్లో వేల్స్ ఎక్కడుంది?

1865లో నూట యాభై మందికి పైగా వెల్ష్ జనం మిమోసా అనే ఓడెక్కి అర్జెంటీనాలోని పటగోనియాకి వెళ్ళారు, తమ భాష బతికించుకోవడానికి. ఇప్పటికీ అక్కడ వెల్ష్ బళ్ళున్నాయి. ఇక్కడి ఇర్ద్ అనే యువజన సంస్థ తన సభ్యుల్ని అక్కడికి తీసుకెళుతుంది. ఆ ఇళ్ళల్లో వెల్ష్‌లో పలకరించి, స్పానిష్‌లో పిల్లల్ని కేకలేస్తారు. వాళ్ళు వెల్షా, అర్జెంటీనా వాళ్ళా అని ఎవరైనా అడిగితే నువ్వేమంటావు? రెండూ అంటావు. మరి తెలుగులో కేకలేసే మీ అమ్మ సంగతి?

మీ అమ్మ ఇక్కడి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తోంది. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు రోండా లోయలో డాక్టరుగా ఉన్నాను. ఊపిరితిత్తుల్లో బొగ్గుదుమ్ము పేరుకున్న ముసలాళ్ళ వీపుల మీద స్టెతస్కోపు పెట్టి విన్నాను. 1990 డిసెంబరులో రోండాలో ఆఖరి గని, మేర్డీ, మూతపడ్డాక వాళ్ళ కొడుకులు నిద్రమాత్రలకి నా దగ్గరికే వచ్చారు. ఆ రోజుల్లో ఆ లోయల్లో డాక్టర్లుగా మన దేశం నుంచీ చుట్టుపక్కల దేశాల నుంచీ వచ్చినవాళ్ళం చాలామందిమి. ఇదంతా వేల్స్ కాకపోతే ఇంకేది వేల్స్? కోటలూ గొర్రెలూ అయితే ఆ పిల్ల గైడు పుస్తకంలోనే చూసుకుంటుంది. మీ కొత్త పాఠ్యప్రణాళిక 2022లో మొదలైంది కదా, దాని నాలుగు లక్ష్యాల్లో ఒకటి పిల్లల్ని "వేల్స్‌కీ ప్రపంచానికీ" పౌరులుగా చెయ్యడం. ముందు వేల్స్, తర్వాత ప్రపంచం. వరస గమనించు.

ఆ వరసలోనే ఇంకో మాట. వెల్ష్ క్లాసంటే నీకు విసుగని విన్నాను. 2021 జనాభా లెక్కల్లో 17.8 శాతం మందే మాట్లాడే భాష నాకెందుకు అన్నావట. పదహారేళ్ళు వచ్చేదాకా ఎలాగూ తప్పదు కాబట్టి కాస్త ఇష్టంగానే నేర్చుకో. వచ్చే పిల్ల నిన్ను మొట్టమొదట అడిగేది, "వెల్ష్‌లో ఏదైనా చెప్పు" అనే. ఇంగ్లిష్ వరదలో భాషని నిలబెట్టుకోవడం ఎంత పనో ఆదివారం తెలుగు బడికి వెళ్ళే నీకు తెలియాలి. తెలియకపోతే మీ నాన్నని అడుగు, నిన్ను లేపి కారెక్కించేది ఆయనే కదా.

ఇక పనుల సంగతి.

మీ క్లాసులో చాలామందికి పాస్‌పోర్టు జేబులో పెట్టుకుంటే చాలు. నీది భారత పాస్‌పోర్టు. దానితో జర్మనీ వెళ్ళాలంటే మామూలుగా షెంగెన్ వీసా ఉండాలి. స్కూలు బృందాల నిబంధనలు మారుతుంటాయి కనక నీకేం కావాలో టీచరుని ఈ వారమే అడుగు. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు పెట్టాలి. అమ్మా నాన్నా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం. నా ఒక్కదాని వల్ల టీచరుకి ఇబ్బందని నోరు మూసుకుని కూర్చోకు. జూన్‌లో చెప్తే అప్పుడు అవుతుంది ఇబ్బంది.

డబ్బు మాట కూడా దాచుకోవద్దు. వాయిదాల్లో కట్టొచ్చా, స్కూలుకి తైథ్ సాయం ఏమైనా వచ్చిందా అని మీ నాన్న అడగాలి. వెల్ష్ ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన పథకం అది. 2026 దాకా 6.5 కోట్ల పౌండ్లు కేటాయించారు. తైథ్ అంటే వెల్ష్‌లో ప్రయాణం. డబ్బు పిల్లల చేతికివ్వరు, స్కూళ్ళూ సంస్థలూ దరఖాస్తు పెట్టుకోవాలి. నాకు నచ్చిందేమిటంటే, ఇక్కడి వాళ్ళు వెళ్ళడానికే కాదు, అక్కడి వాళ్ళు ఇక్కడికి రావడానికీ అందులో డబ్బు పెట్టారు. పిలిచే సగాన్ని సర్కారు కూడా మర్చిపోలేదు.

ఇంట్లో పెద్దవాళ్ళ మీద డీబీఎస్ అనే నేరచరిత్ర పరిశీలన అడగొచ్చు. మీ నాన్న దాన్ని అవమానంగా తీసుకోకూడదు. రేపు నిన్ను పంపబోయే ఇంటి గురించి మనం అడగాల్సిందీ అదే.

అక్కడికి వెళ్ళాక మొహమాటం వద్దు. గొడ్డుమాంసం తినవు కదా, ఆ మాట ఫారంలోనే రాసెయ్యి, బల్ల ముందు కూర్చున్నాక కాదు. ఆకలేస్తే అడుగు. ఎవరి ప్రవర్తనైనా మనసుకి నచ్చకపోతే, అర్ధరాత్రైనా సరే, టీచరుకి ఫోను చెయ్యి. మర్యాద కోసం భయాన్ని మింగకూడదు. ఇది డాక్టరుగా చెబుతున్నాను.

మీ స్కూలు క్లబ్బుల జాబితా కూడా చూశాను. పదకొండింటికి టిక్కు పెట్టావు. రెండు ఉంచుకో. ఒకటి డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు, బ్రాంజ్. సేవ, శరీరశ్రమ, నైపుణ్యం, మూడూ వారానికో గంట చొప్పున మూడేసి నెలలు. వాటిలో ఒకటి ఇంకో మూడు నెలలు సాగదీయాలి. చివర రెండు పగళ్ళూ ఒక రాత్రీ సంచి మోస్తూ నడవాలి, డేరాలో పడుకోవాలి. నీ కూచిపూడి శరీరశ్రమ కింద చెల్లుతుంది. తెలుగు బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించడం సేవగా ఒప్పుకుంటారేమో అడుగు. వర్షంలో డేరా వెయ్యడం మాత్రం మన ఇంట్లో ఎవరూ నేర్పలేరు, అది కొండల దగ్గరే నేర్చుకోవాలి. రెండోది నీ ఇష్టం. అయితే ఏదైనా చలిలో, చీకట్లో, బుద్ధి పుట్టని బుధవారం సాయంత్రం కూడా వెళ్ళగలిగేదై ఉండాలి. సర్టిఫికెట్ల దొంతర నేనూ చాలా చూశాను. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే కూలిపోతుంది.

మార్చి 1న వేల్స్ పండగ, సెయింట్ డేవిడ్స్ డే. మీ స్కూలు ఐస్టెద్‌వొద్ అప్పుడే కదా, ఆ పిల్ల కూడా ఇక్కడే ఉంటుంది. కవితలు కలం పేర్లతో పంపుతారు. తీర్పరి ఆ పేరు పిలుస్తాడు, హాల్లో ఎక్కడో ఒకరు లేస్తారు. కత్తిని ఒరలోంచి సగం లాగి "శాంతి ఉందా?" అని మూడుసార్లు అడిగితే, మూడుసార్లూ జనమంతా "శాంతి" అంటారు. అప్పుడు కవిని కుర్చీలో కూర్చోబెడతారు. మనవాళ్ళు కవి కాలికి గండపెండేరం తొడిగితే వీళ్ళు కుర్చీ వేస్తారు, అంతే తేడా. ఆ సంగతి ఆ పిల్లకి నువ్వే చెప్పాలి. నీ స్కూల్లో ఇంకెవరూ చెప్పలేరు.

శుక్రవారం లోపు ఫారం ఇవ్వాలని మీ అమ్మ అంది. ఇంకోటి అడక్కు, అదే కాగితం మీద దిద్దు. ఇంట్లో మాట్లాడే భాష: తెలుగు. భోజనం: అన్నం, పప్పు, కూర, పెరుగు. పక్కనే "కారం తగ్గించగలం" అని కూడా రాయి. మీ అమ్మ నాకే తగ్గించదు, కానీ రాయి.

ఆశీస్సులతో,
పెద్దతాతయ్య