సగం అల్లిన శాలువా లెక్క

చి. బుజ్జికి,

నువ్వు రాసి పంపిన జాబితా చదివాను. మెడ దగ్గర మొదలై భుజాలు దిగని క్రోషే శాలువా, నల్ల గీతల దగ్గరే ఆగిపోయిన కలంకారీ గుడ్డ, ఒక చేతికే పూసలు పడిన మగ్గం వర్క్ జాకెట్టు, సగం వాడి మూత బిగించిన రెజిన్ సీసాలు, ఇవి చాలవన్నట్టు ఈ నెలలో కొన్న క్విల్లింగ్ సామాను. వీటన్నిటి కిందా గీత గీసి, నాది ఆరంభశూరత్వం, ఇక మారదు అని తీర్పు కూడా నువ్వే రాసేసుకున్నావు. జాబితాతో నాకు పేచీ లేదు, తీర్పుతోనే ఉంది. ఆంధ్రులు ఆరంభశూరులని మనల్ని మనం ఎన్ని తరాలుగా ఎత్తిపొడుచుకుంటున్నామో గానీ, ఆ మాటలో ఒక సౌకర్యం దాగి ఉంది. లోపం పుట్టుకలోనే ఉందని తేల్చేసుకుంటే ఇక కూర్చుని లెక్క చూసుకోనక్కర్లేదు. ఏనుగు లక్ష్మణకవి తెలిగించిన భర్తృహరి నీతిపద్యాల్లో ఒకటి మనుషుల్ని మూడు తరగతులు చేస్తుంది: ఆటంకాలకు జడిసి అసలు మొదలుపెట్టనివాళ్లు, మొదలుపెట్టి మధ్యలో మానేసేవాళ్లు, ఏమొచ్చినా వదలనివాళ్లు. పెద్ద కార్యాలకు ఆ కొలత సరే. అల్లికలకూ బొమ్మలకూ తెచ్చి అతికిస్తేనే చిక్కు. ఇక్కడ తరగతులుగా విడదీయాల్సినవి పనులు.

ముందు శాలువా సంగతి చూడు. మెడ వెనక నాలుగైదు కుట్లతో మొదలయ్యే ముక్కోణపు శాలువా అది. ప్రతి వరసా పై వరస కంటే పొడుగు. మధ్యగీత వెంట కొలిచి సగం దాకా వచ్చానని నువ్వు సంతోషించిన రోజున నీ ఒళ్లో ఉన్నది మొత్తం పనిలో పావు వంతే. పొడుగు రెట్టింపైతే ముక్కోణం వైశాల్యం నాలుగింతలవుతుందన్నది హైస్కూలు లెక్కే, క్రోషే సూది పట్టుకున్నప్పుడు గుర్తుకు రాదంతే. గుండ్రటి టేబుల్‌క్లాతుకీ ఇదే వరస. చదరపు ముక్కలు అల్లి కలిపే దుప్పటి ఇంకో రకం మోసం. ముక్కకు నాలుగు రంగులనుకో, రంగుకు రెండేసి దారపు కొసలు, అంటే ముక్కకు ఎనిమిది. వంద ముక్కల దుప్పటికి 800 కొసలు సూదితో లోపలికి దాచాలి. నేర్పే వీడియోలో మొదటి ముక్క ఓపిగ్గా చూపిస్తారు, ఆ తర్వాత దుప్పటి మంచం మీద పరిచేసి ఉంటుంది. అంచనా తప్పడం నీ ఒక్కదాని బలహీనత అనుకోకు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు, నిజంగా పట్టింది సుమారు 55. గడువులూ మార్కులూ తరుముతున్నవాళ్ల లెక్కే అలా ఉంటే, ఎవరూ ఎదురుచూడని శాలువా లెక్క ఎలా ఉంటుంది?

అయితే పని ఎక్కువ మిగిలిందన్నది అసలు బాధ కాదు. మిగిలిపోయిన ఆ భాగంలో నువ్వింకా చేతపట్టని విద్య వేరే ఉంది. శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకో. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. చింతబొగ్గుతో బొమ్మ గీసి, వెదురు కలంతో కసిమి దిద్దుతారు. ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన ఆ నీళ్లు గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిసి నల్లబడతాయి. సిరా పక్కలకు పాకకుండా ఆపేది పాలలోని జిడ్డు. నువ్వు ఆగింది ఇక్కడే. దీని తర్వాత పటిక నీళ్లు పూస్తారు. ఆ పూత కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది. ఎర్రరంగు చెక్కతో గుడ్డను మరిగించినప్పుడు పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది స్వర్ణముఖి నీళ్లలో ఉతికితే పోతుంది. అంటే నీ కలం ఎక్కడ తడబడిందో, పటిక ఎక్కడ పలచబడిందో మరగబెట్టి ఉతికినప్పుడే బయటపడుతుంది. గీతల దగ్గర ఆగిన మనిషికి తన గీతల తప్పొప్పులు కూడా పూర్తిగా తెలియవు. నరసాపురం లేసుపనిని చూసినా ఇదే తెలుస్తుంది. మరియా మీస్ ఆ అల్లిక ఆడవాళ్ల మీద 1982లో అచ్చేసిన పుస్తకంలో పని ఎలా పంచుకుపోయిందో కనిపిస్తుంది: పువ్వులు అల్లే చేతులు వేరు, వాటిని అతికి గుడ్డగా చేసే చేతులు వేరు. కూలి విషయంలో ఆ ఏర్పాటు ఎంత అన్యాయమో ఆ పుస్తకమే చెబుతుంది, అది మరో ఉత్తరానికి సరిపడే కథ. మనకిక్కడ కావలసింది ఒక్కటే, అతకడం అల్లడం లాంటిది కాదు. నువ్వు అయిదు హాబీలు మార్చావని బెంగపడుతున్నావు. నాకు కనిపించేది వేరే. అయిదుసార్లూ ఒకటో తరగతే చదివావు. ఆరోది మొదలుపెడితే తెలిసేది మళ్లీ ఏ సామాను కొనాలో, మొదటి ముడి ఎలా వేయాలో, అంతవరకే.

హాబీలు తగ్గించుకో అని అందుకే చెప్పను. చేతిలో ఉన్న పనులు తగ్గించుకో. ఒక సమయంలో రెండు చాలు: ఒకటి బుర్ర పెట్టాల్సింది, రెండోది కబుర్లు చెప్పుకుంటూ చేసుకోదగ్గది. మిగిలిన ప్రతిదానికీ ముగించడమో, విప్పేయడమో, ఇచ్చేయడమో ఏదో ఒక తీర్పు కావాలి. తీర్పు లేకుండా అలమారలో ఉన్న పనే మనసుకు బరువు. బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రకటించిన ప్రయోగాల్లో, మధ్యలో ఆపించిన పనులు పూర్తిచేసిన వాటికంటే ఎక్కువగా గుర్తుండిపోయాయి. తర్వాతివాళ్లు అవే ప్రయోగాలు చేస్తే ప్రతిసారీ ఆ ఫలితం రాలేదు గనక దాన్ని వేదవాక్కులా పట్టుకోను. 2011లో మాసికాంపో, బామైస్టర్ చూపించినది నాకు ఎక్కువ పనికొచ్చింది. తీరని పని వేరే పనుల్లోకి చొరబడి ధ్యాస చెడగొడుతుంది, కానీ ఎప్పుడు, ఎలా చేయాలో ఖచ్చితంగా రాసుకుంటే చాలు, పని ఇంకా మొదలుకాకపోయినా ఆ చొరబాటు తగ్గిపోతుంది. కాబట్టి అయిదూ పూర్తయితే గానీ నెమ్మది దొరకదన్న భయం పెట్టుకోకు.

డబ్బు పోసి కొన్నాను, ఎలా వదిలేయను అంటావు. ఆర్క్స్, బ్లూమర్ 1985లో ప్రచురించిన ఒక ప్రయోగంలో నాటకాల సీజను టికెట్లను కొందరికి పూర్తి ధరకీ, కొందరికి తగ్గింపు ధరకీ అమ్మారు. ఎవరికి ఏ ధర పడుతుందన్నది లాటరీయే. సీజను మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లు ఎక్కువ నాటకాలకు వెళ్లారు, రెండో సగం వచ్చేసరికి ఆ తేడా కరిగిపోయింది. పెట్టిన డబ్బు మనిషిని కొన్నాళ్లే నెడుతుందన్నమాట. పైగా ఊలు విప్పితే మళ్లీ ఊలే. అల్లిక విప్పాక వంకర్లు తిరిగి ఉంటుంది, చిలపలుగా చుట్టి తడిపి నీడన వేలాడదీస్తే సాగుతుంది. రెజిన్‌కి ఆ సుగుణం లేదు. సీసా మీద గడువు చూడు, దాటితే ఆలోచించే పనే లేదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తోసేయను. సరదాకి చేసే పనికి ముగింపు ఎందుకు, చేస్తున్నంతసేపూ బాగుంటే చాలదా అని. చాలు. నిజంగా అలా అనిపించే పనిని నీ జాబితాలో చేర్చనే వద్దు, దానికి ముగింపు బాకీ లేదు. కానీ సరదా తీరిపోయిన పనిని నువ్వు దిగులుతో లెక్కపెట్టి నాకు రాశావు, అక్కడే నీ మాటకు నువ్వు ఎదురు సాక్ష్యం చెప్పావు. లియొనార్డో డావిన్చీ పేరు కూడా ఎత్తావు. ఫ్లారెన్స్ దగ్గరి సన్యాసులు 1481లో అతనికి ఒక పెద్ద చిత్రం పని అప్పగించారు. అది ముగియకుండానే మరుసటి ఏటికి మిలాన్ వెళ్లిపోయాడు. సగంలో ఉన్న ఆ పలక ఈనాడు ఉఫీజీ మ్యూజియంలో ఉంది, చూడ్డానికి జనం వస్తారు. అయితే ఆ సన్యాసులకు వేదిక మీద బొమ్మ కావాలి, 1496లో ఫిలిప్పీనో లిప్పీ చేత వేరే చిత్రం వేయించుకున్నారు. నీ శాలువాకు సన్యాసులెవరూ కాచుకుని లేరు. అది నీకు స్వేచ్ఛే, దాంతోపాటు గడువు గుర్తుచేసే నోరు కూడా లేకుండా పోయింది. ఇక మనవాళ్లలో అడివి బాపిరాజుగారు. కవి, చిత్రకారుడు, సినిమాలకు కళాదర్శకుడు, పత్రికా సంపాదకుడు. పలు విద్యలు పట్టినందుకు ఆయన ఏదీ పోగొట్టుకోలేదు. ఆయన 'నారాయణరావు' నవల 'వేయిపడగలు'తో కలిసి 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకుంది. బహుమతి పంచుకోవాలంటే నవల చివరి పేజీ దాకా రావాలి కదా.

నా మటుకు నేనైతే కలంకారీ గుడ్డను ముగింపు వైపు వేస్తాను. నీకు తెలియని సగమంతా దాన్లో ఉంది, గుడ్డ పాడైనా ఎర్రరంగు ఎలా పడుతుందో కళ్లతో చూస్తావు. జాకెట్టు రెండో చేతిలో కొత్తగా నేర్చుకునేది లేదు. మేజోళ్లు అల్లేవాళ్లు ఒక కాలిది పూర్తిచేసి రెండోది అల్లలేకపోవడాన్ని జబ్బని నవ్వుకుంటారు, ఇది దాని చుట్టమే. మగ్గం వర్క్ చేసే మనిషికి డబ్బిచ్చి చేయించుకుంటే నామోషీ ఏమీ లేదు. శాలువా సగం దగ్గరే అంచు వేసేస్తే చిన్న మెడకండువా అవుతుంది, దానికి అల్లాల్సింది మరి నాలుగు వరసలే. క్విల్లింగ్ కాగితాలు విప్పకపోతే పక్కింటి పిల్లలకివ్వు, విప్పినా ఇవ్వు. ఇందులో ఏదైనా నీకు నచ్చకపోతే మార్చుకో, అయిదింటి ఎదురుగానూ ఏదో ఒక మాటా ఒక తేదీ మాత్రం ఉండాలి. జాకెట్టు గుడ్డ ఇంకా ఫ్రేములోనే బిగించి ఉందన్నావు. వారాల తరబడి అలాగే ఉంటే బిగువుకు గుండ్రటి మడత పడిపోతుంది, చుట్టూ దుమ్ము పట్టేస్తుంది. దాన్ని ఏం చేయాలన్నది తర్వాత తేల్చుకుందువు గాని, గుడ్డ మాత్రం ఈ రాత్రే తీసెయ్.

ఆశీస్సులతో,
పెద్దమ్మ