బడిలో తొలి మాట

తొలకరి జల్లులు కురియగానే గుంటూరు, ప్రకాశం సీమలలోని నల్లరేగడి చేలలో పత్తి విత్తనములు నాటుదురు. బడులు తెరచునదియు ఆ దినములలోనే. క్రొత్త పలక చేతబట్టుకొని, తల్లి చెంగు విడువక నిలిచిన అయిదేండ్ల పిల్లను చూచి, "దీనికి ఇంకను మాటలు రావు, బడిలో నేర్చుకొనును" అని పెద్దలు అనుచుందురు. ఈ మాట నిజమా?

కాదు. ఆ వయసునకు శిశువు తన ఇంటి భాషను చాలవరకు నేర్చియే యుండును. వ్యాకరణ మెవరును చెప్పకున్నను "నేను వచ్చాను, అమ్మ వచ్చింది" అని క్రియను సరిగా మార్చి పలుకును. "పిల్లి, పిల్లులు" అని విన్న బాలుడు ఒక్కొక్కప్పుడు "ఇల్లు, ఇల్లులు" అనును. మనము నవ్వుదుము. కాని అతడు విన్న మాటలనుండి ఒక సూత్రమును తానే ఊహించి, దానిని మరియొక పదమునకు అన్వయించినాడు. అది తెలివితక్కువ కాదు, తెలివికి గుర్తు. మిరప కల్లములో ఆడుకొన్న పిల్లకు తొడిమ, తాలుకాయ, టిక్కీ అను మాటలు బాగుగా తెలియును. పట్టణపు బాలునకు అవి తెలియకపోవచ్చును.

అట్లయిన బడిలో ఆ పిల్ల ఏల మౌనము వహించును? ఇంటిలో తల్లి "గంప ఏదీ?" అని అడిగినచో, ఆమెకు గంప నిజముగా కావలెను. బడిలో ఉపాధ్యాయుడు ఆవు బొమ్మ చూపి "ఇది ఏమి?" అని అడుగును. తెలిసిన దానినే పెద్దవారు ఏల అడుగుదురో పిల్లకు బోధపడదు. మాటలును మారును. ఇంటిలోని "మిరగాయ" పుస్తకములో "మిరపకాయ" యగును. పిల్ల తన మాట పలికినపుడు తోటివారు నవ్విరా, ఇక నోరు విప్పదు.

ఇంటి భాషయే వేరైన పిల్లలకు కష్టము మరింత యెక్కువ. 2022లో గుంటూరు జిల్లానుండి వేరుపడిన పల్నాడులోను, ప్రకాశము పడమటి భాగమునను సుగాలీ తండాలు కలవు. వారి లంబాడీ భాష తెలుగునకు చుట్టము కాదు. రాజస్థానీ మొదలగు ఉత్తరదేశ భాషలకు చేరువైనది. ఒక తండాపిల్ల బడి వాకిట నిలిచి "యాడీ, యాడీ" అని యేడ్చుచున్న దనుకొనుడు. పల్నాటి వాడుకలో "యాడ" అనగా "ఎక్కడ". కావున ఉపాధ్యాయుడు "ఏమి పోయిందమ్మా?" అని పలకను, సంచిని చూపును. ఏడుపు హెచ్చును. అయిదవ తరగతి బాలిక యొకతె లేచి, "మాస్టారూ, అది వాళ్ళమ్మను పిలుస్తోందండీ. మా మాటలో అమ్మను యాడి అంటామండీ" అనును. మరునాడు తల్లి బొమ్మ చూపగా ఆ పిల్ల "యాడి" అనును. "ఔను, యాడి, అమ్మ" అని ఉపాధ్యాయుడు చెప్పును. ఒక మాట పోకుండ మరియొక మాట వచ్చినది.

ఈ మర్మమును గిడుగు రామమూర్తిగారు (1863–1940) ఏనాడో గ్రహించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, తాము సవర భాష నేర్చి, సవర పిల్లలకు ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించిరి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించుటకు తగిన వసతులు కల్పింప యత్నించవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేర్చబడెను. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, లంబాడీ మొదలగు భాషలలో తెలుగు లిపితోనే వాచకములు వెలువడెను.

అయినను చట్టముగాని, పుస్తకముగాని ప్రతి బడి వాకిటను నిలిచి యుండజాలదు. అక్కడ నిలిచి యుండునది మీవంటి పెద్ద పిల్లలే. చిన్నతరగతి పిల్ల క్రొత్తగా పలికినపుడు మీరు నవ్వినచో ఆ నోరు మూతపడును. అర్థము చెప్పినచో ఆమెకు చదువు వచ్చును. బడికి రాకముందే ఆమె ఒక భాషను గెలిచి వచ్చినదని మరువకుడు.